గిజిగాడి పెళ్ళిచూపులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. గిజిగాడు ఆ రెండు కష్టాలూ ఒక్కసారే నెత్తిన వేసుకుంటాడు. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో, కంభం చెరువు దాపుల, తుమ్మకొమ్మలకు సొరకాయబుర్రల్లా వేలాడే గూళ్ళు మీరూ చూసే వుంటారు. పిట్టలజంట కలిసి కట్టుకున్న కాపురం కాబోలు అనుకుంటాం. కానే కాదు. అది మగవాడి ఒంటిచేతి పని. అదీ పెళ్ళికి ముందే మొదలుపెడతాడు.

నల్లమల నెమలికి అలంకారమంతా ఒంటిమీదే వుంది. పురి విప్పితే చాలు. గిజిగాడికి వానాకాలంలో నెత్తిన కాస్త పసుపు ఎక్కుతుందంతే. కనక గొప్పంతా గూట్లో చూపించాలి. వరిఆకు, ఈతాకు, గడ్డి సన్నగా చీల్చి తెచ్చి ముక్కుతో ముళ్ళు వేసి అల్లుతాడు. ఒక గూటికి ఐదువందల సార్ల దాకా తిరుగుతాడట! వారం రోజులకు గూడు బోర్లించిన బుట్టలా సగానికి వస్తుంది. అక్కడ పని ఆపేస్తాడు. పెళ్ళిచూపులు అప్పుడే మరి.

గూటికి వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తాడు, కిచకిచలతో చెట్టంతా ఎగరగొడతాడు. అమ్మాయిగారు వచ్చి, లోపల దూరి, అల్లిక లాగి చూస్తుంది. నచ్చకపోతే చక్కాపోతుంది. వెనకటి మన పెళ్ళివారు "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అనైనా అనేవారు!

నచ్చితేనే గుడ్ల అర, కింద పొడుగాటి గొట్టం పూర్తవుతాయి. ఆమె గుడ్లు పొదుగుతూంటే ఈ మహానుభావుడు పక్కకొమ్మన ఇంకో సగంగూడు మొదలుపెడతాడు, ఇంకొకామె కోసం. ఈ బాగోతాన్ని 1930లో బొంబాయి దగ్గర కిహిమ్‌లో సలీం అలీ ఓపిగ్గా కాపు కాసి బయటపెట్టారు.

తర్వాతి పరిశోధకులు తేల్చింది ఇంకా చిత్రం. ఆడపిట్ట అల్లిక అందం కంటే గూడు ఎక్కడుందన్నదే ఎక్కువ చూస్తుందట. నాకిది గడుసుతనంగానే తోస్తుంది. పాము ఎక్కలేని ముళ్ళకొమ్మ, కింద నీళ్ళు, ఆషాఢపు పడమటిగాలికి చాటు: పిల్లలు బతికేది వీటివల్లే గదా. మన వైపు బోర్లు వచ్చాక దిగుడుబావులు చాలా ఎండిపోయాయి. వాటి గట్టున తుమ్మలూ కట్టెలకు పోయాయి. ఎంత పనివాడైనా స్థలం లేనిచోట ఏం కడతాడు?

ముందుగదిలో వేలాడదీయడానికి ఈ గూళ్ళు కోసుకొచ్చేవారున్నారు. గొట్టం లేనిదైతే సాధారణంగా పెళ్ళికూతురు కాదన్న గూడు. గొట్టం వున్నదాన్ని శ్రావణ భాద్రపదాల్లో కోస్తే మటుకు, లోపల గుడ్లో పిల్లలో వుండవచ్చు.