కారు గొట్టానికి మసి: ఏ భయం ఎంతవరకు?

ప్రశ్న: ఈమధ్య టర్బో ఇంజను ఉన్న చిన్న పెట్రోలు కారు కొన్నాం. డీజిలు బండి కాకపోయినా దాని సైలెన్సరు గొట్టంలో వేలు పెడితే కాటుకలా మసి అంటుతోంది. ఇంజను పాడైందేమోనని మావారి దిగులు. నాలుగేళ్ళ మా బాబు ఆ పొగ పీలుస్తున్నాడేమోనని నా దిగులు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీవారి దిగులు చాలావరకు అనవసరం. మీ దిగులులో మాత్రం కొంత నిజముంది.

లాంతరు వత్తిని బాగా పైకి ఎగదోస్తే చిమ్నీ మసిబారడం మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. నూనె ఎక్కువై, దానికి సరిపడా గాలి అందకపోతే మంట అరకొరగా మండి మసి విడుస్తుంది. మీ కారులో జరిగేదీ ఇదే.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పాత కార్లలో పెట్రోలు సిలిండరు బయటే గాలితో కలిసి లోపలికి వెళ్ళేది. ఇప్పటి చిన్న టర్బో ఇంజన్లలో చాలావాటిలో పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్ముతారు. దీనివల్ల మైలేజీ, శక్తి పెరుగుతాయి. కాని గాలితో బాగా కలిసేందుకు వ్యవధి చాలదు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు తుంపరలు పిస్టను మీద, సిలిండరు గోడల మీద తడిగా అంటుకుని, సగం సగం కాలి మసి అవుతాయి. ఒక్కసారిగా ఏక్సిలరేటరు తొక్కినప్పుడు కూడా టర్బో గాలిని ఎక్కువగా నెట్టడం, దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువగా పడడం జరుగుతాయి. అందుకే రోజూ బడికీ, బజారుకీ మాత్రమే తిరిగే కారుకు మసి ఎక్కువ పడుతుంది.

పొడిగా, వేలితో తుడిస్తే పోయే మసికి కంగారు పడనక్కరలేదు. జిడ్డుగా అంటుకున్నా, నీలిరంగు పొగ వచ్చినా ఇంజనాయిలు కాలుతోందని అనుమానించాలి. నల్లపొగ కళ్ళకు కనబడుతున్నా, మైలేజీ పడిపోయినా, ఇంజను హెచ్చరిక దీపం వెలిగినా మెకానిక్కుకు చూపించండి.

ఇక మీ బాబు సంగతి. గొట్టానికి అంటుకున్న మసి కన్నా, అంటుకోకుండా గాలిలో కలిసిపోయినదే హానికరం. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఈ పొగలోని రేణువుల్లో ఎక్కువ భాగం మైక్రానులో పదో వంతు కూడా ఉండవు. ముక్కు వీటిని ఆపలేదు. ఊపిరితిత్తుల లోపలి గాలి తిత్తుల దాకా పోతాయి. పసిపిల్లలు, గర్భిణులు, ఆస్త్మా, గుండెజబ్బు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నా ఇవి ఆగవు. పెట్రోలు కార్లకు మామూలుగా చేసే పొల్యూషన్ పరీక్షలో వీటిని లెక్కించరు కూడా.

దీనికి తోడు కార్బన్ మోనాక్సైడ్ ఉంది. రంగు, వాసన లేని ఈ విషవాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దీన్ని తగ్గించే పరికరం కారులో ఉన్నా, అది బాగా వేడెక్కేదాకా సరిగా పనిచేయదు. అంటే మసి, విషవాయువు రెండూ ఎక్కువగా వచ్చేది బండి స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లోనే!

కనుక షెడ్డులో, సెల్లారులో ఇంజను ఆన్ చేసి వదలకండి. ఇప్పటి ఇంజన్లను నిలబెట్టి వేడిచేయనక్కరలేదు. స్టార్టు చేసిన అరనిమిషంలోనే బయలుదేరి, కొద్దిదూరం నెమ్మదిగా నడిపితే చాలు. బాబును కారు వెనుక నిలబెట్టకండి. గొట్టం ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగండి. షెడ్డులో తలనొప్పి, వికారం, తల తిరగడం అనిపిస్తే వెంటనే ఆరుబయటకు వచ్చి, ఆస్పత్రికి వెళ్ళండి.

మరొక్క మాట. మీది అపార్టుమెంటు అయితే, రేపు పొద్దున మీ కారు గొట్టం ఎటు తిరిగి ఉందో ఒకసారి చూడండి. చాలా సెల్లారుల్లో వాచ్‌మన్ కుటుంబం ఉండే గది అక్కడే ఉంటుంది. మీ బాబు రెండు నిమిషాలు పీల్చే పొగను, ఆ గదిలోని పిల్లలు పది పదిహేను కార్లు బయలుదేరేదాకా పీలుస్తారు. కారును అటు తిప్పి పెట్టడానికి ఖర్చేమీ లేదు.