చెత్త వేరు చేసిన ఇంటికి రుసుము మాఫీ కావాలి

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం వీధుల్లో చెత్త కుప్పలు పేరుకున్నప్పుడల్లా నింద జనం మీద పడుతుంది. గోడల మీద నినాదాలు రాయిస్తారు, ర్యాలీలు తీస్తారు, పది రోజులు తిరగకుండానే అదే మూల మలుపులో అదే కుప్ప లేస్తుంది. లోపం జనం బుద్ధిలో లేదు, లెక్కలో ఉంది. తడి, పొడి చెత్త వేరు చేసి ఇచ్చిన ఇంటికి పైసా లాభం లేదు, అంతా కలిపి పోసిన పొరుగింటికి పైసా నష్టం లేదు. ఈ లెక్క మారనంత కాలం ఎన్ని ప్రచారాలు చేసినా వృథా. చెత్త రుసుమును, చెత్త ఆటో కార్మికుడి రాబడిని, భవన శిథిలాల రవాణాను గణిత పద్ధతిలో మళ్లీ రూపొందించాలి. ఆ పని ఉప్పల్, నాచారంలతోనే మొదలు కావాలి.

2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం డబ్బాలు పంచారు. చెత్త సేకరించే స్వచ్ఛ ఆటోలు రోడ్డెక్కాయి. ఇంటికి నెలకు 50 రూపాయలు ఆటోకు ఇవ్వాలన్నది ఆనాటి ఏర్పాటు. ఈ ఏర్పాటులో ఎవరికేం ముడుతోందో చూడాలి. ఆటో కార్మికుడి బతుకు ఆ 50 రూపాయల మీద, చెత్తలో దొరికే అట్టలు, సీసాలు, ప్లాస్టిక్ అమ్మకం మీద ఆధారపడింది. తడి చెత్తలో అతనికి చిల్లిగవ్వ రాదు. డబ్బులు రాని గల్లీకి రోజూ వెళ్తే డీజిల్ ఖర్చే మిగులుతుంది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు నిర్వహణకు చెల్లింపులేమో టన్నుల లెక్కన. నీళ్లోడే కూరగాయల తొక్కలూ ఆ తూకంలో కలిసిపోతాయి. అంటే చెత్త తగ్గితే ఇంటికి గానీ, ఆటో కార్మికుడికి గానీ, యార్డు నిర్వాహకుడికి గానీ లాభం లేదు.

ఒంటరిగా పద్ధతి మార్చుకుంటే ఎవరికీ లాభం లేని ఇలాంటి స్థితిని గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ 1950లోనే గణితంలో నిర్వచించాడు. పరస్పర వ్యూహాలను లెక్కగట్టే గేమ్ థియరీకి మూలస్తంభం అదే. అందరికీ కీడు చేస్తున్నా ఎవరూ కదలలేని ఆ స్థితిలోనే మన నగరం ఇరుక్కుంది. దాని మూల్యాన్ని జవహర్‌నగర్, దమ్మాయిగూడ, నాగారం ప్రజలు దుర్వాసన రూపంలో, చెడిన భూగర్భజలాల రూపంలో చెల్లిస్తున్నారు. కుళ్లిన తిండిలోంచి, గాజు ముక్కల మధ్య నుంచి చేతులతో ఏరుకునే కార్మికులు తమ ఒంటితో చెల్లిస్తున్నారు. ఇది సహించరాని అన్యాయం.

బస్తాకింత అని ధర కడితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. అమెరికాలోని షార్లట్స్‌విల్ పట్టణం 1992లో చెత్త సంచికి 80 సెంట్లు వసూలు చేసింది. ఆర్థికవేత్తలు ఫుల్లర్టన్, కినమన్ 75 ఇళ్ల చెత్తను తూచి చూశారు. చెత్త పరిమాణం 37 శాతం తగ్గినా బరువు 14 శాతమే తగ్గింది. జనం సంచుల్లో కుక్కి నింపారు. కొందరు చాటుగా బయట పారేసి ఉంటారని కూడా ఆ పరిశోధకులు అంచనా వేశారు. దక్షిణ కొరియా 1995లో సంచి ధర పెట్టినప్పుడు, వేరు చేసిన రీసైక్లింగ్ వస్తువులను ఉచితంగా తీసుకుంది. మంచి పనికి దారి చూపింది కాబట్టే ఆ పద్ధతి నిలిచింది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2021లో వచ్చిన చెత్త పన్ను జనాగ్రహానికి గురై 2024 చివరికి రద్దయింది. ఇల్లు ఎంత శ్రద్ధ చూపినా బిల్లు తగ్గని పన్నును జనం దండగగానే చూస్తారు.

కాబట్టి కొత్త వడ్డన వద్దు, మాఫీ కావాలి. తడి, పొడి వేరు చేసి ఇచ్చిన ఇంటికి ఆ నెల 50 రూపాయలు రద్దు చేయాలి. మాఫీ దక్కాలంటే చెత్తను ఆటోకు అప్పగించాల్సిందే. నాలాలో పారేస్తే ఆ అవకాశం పోతుంది. అందువల్ల దొంగచాటు పారబోతకు ఈ పద్ధతి ఊతమివ్వదు. ఆటో కార్మికుడికి చెల్లింపు మున్సిపల్ కార్పొరేషన్ నుంచే రావాలి, చెత్త బదిలీ కేంద్రంలో తూచిన శుభ్రమైన తడి చెత్త కిలోల లెక్కన రావాలి. కలగలిపిన లోడుకు కిలోల సొమ్ము రాదు కాబట్టి, వేరు చేయని ఇంటికి అతను మాఫీ రాసిపెట్టడు. అబద్ధమాడిన వారే నష్టపోయేలా నిబంధనలు రూపొందించే ఈ శాస్త్రానికి పునాది వేసినందుకే హర్విచ్, మాస్కిన్, మైర్సన్‌లకు 2007లో ఆర్థిక శాస్త్ర నోబెల్ దక్కింది.

ఇదే సూత్రం భవన శిథిలాలకూ వర్తిస్తుంది. ఉప్పల్‌కు దగ్గర్లోనే ఫతుల్లగూడలో భవన వ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది. అక్కడికి చేర్చాలంటే ఖర్చు, రాత్రిపూట చెరువు గట్టున పోస్తే ఉచితం. భవన అనుమతి ఇచ్చేటప్పుడే డిపాజిట్ తీసుకుని, శుద్ధి కేంద్రం వేబ్రిడ్జి రసీదు చూపాక తిరిగి ఇస్తే ట్రాక్టరు దానంతటదే ఫతుల్లగూడ దారి పడుతుంది. ఖాళీ మద్యం సీసాలకు తమిళనాడు, కేరళ అమలు చేస్తున్న డిపాజిట్ పద్ధతి ఇలాంటిదే.

తడి చెత్తను జవహర్‌నగర్ దాకా మోయడం కూడా తప్పు లెక్కే. నాచారానికి కూతవేటు దూరంలో తార్నాకలో ఉన్న భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల సాంకేతికతతోనే బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి బయోగ్యాస్, కరెంటు తీశారు. ఆ ప్లాంటు లాంటిది నాచారం పారిశ్రామికవాడలో ఎందుకు రాకూడదు? రోజుకు 100 కిలోలు దాటి చెత్త పుట్టించే హోటళ్లు, క్యాంటీన్లు, గేటెడ్ కాలనీలను దానికి జోడించాలి. తనిఖీలు ముందే తెలిసే వేళల్లో కాక, చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా జరగాలి. వెయ్యి రూపాయల జరిమానా నూటికి ఒక్కసారే పడుతుందంటే తప్పు చేసేవాడి లెక్కలో దాని విలువ పది రూపాయలే.

ఇక ఆటోల దారి సంగతి. ప్రతి వీధినీ తాకుతూ కనిష్ఠ దూరంలో తిరిగి రావడం ఎలాగన్నది 1960ల నాటికే గణితం చేపట్టిన సమస్య. కానీ డీజిల్ మాత్రమే తగ్గించమని కంప్యూటర్‌ను అడిగితే, అది ముందుగా కొట్టేసేది చిలకానగర్, రామంతాపూర్‌ల ఇరుకు గల్లీలనే. ఏ గల్లీనీ ఒక్కరోజు కూడా వదలకూడదన్నది ఆ లెక్కలో తొలి షరతు కావాలి. ఏది తగ్గించాలో, దేన్ని తాకకూడదో నిర్ణయించాల్సింది ప్రజాప్రతినిధులు. ఆ బాధ్యతను సాఫ్ట్‌వేర్ మీదికి నెట్టడానికి వీల్లేదు.

సొమ్మెక్కడిదని అధికారులు అడగవచ్చు. జవహర్‌నగర్‌కు చేరని ప్రతి టన్నూ రవాణాలోనూ యార్డు చెల్లింపులోనూ మిగులు తెస్తుంది. ఆ మిగులు మీద తొలి హక్కు వేరు చేసిన ఇంటిది, మోసిన కార్మికుడిది. ఈ విధానాన్ని ఉప్పల్, నాచారం డివిజన్లలో ఏడాదిపాటు అమలు చేయాలి. ప్రతి వారం ఎన్ని కిలోలు వేరయ్యాయో, ఎన్ని టన్నులు యార్డుకు వెళ్లాయో, ఎంత చెల్లించారో వార్డు కార్యాలయం గోడ మీద అతికించాలి. లెక్క కళ్లముందు ఉంటే ప్రజలే నిలదీస్తారు. కార్పొరేషన్ వచ్చే బడ్జెట్‌లోనే ఇందుకు నిధులు చూపాలి.