ఆలివ్ పిప్పి ఉచిత సరుకు కాదు

ఆలివ్ నూనె తీయగా మిగిలే పిప్పితో ఇంధనం చేయవచ్చునని వేసే లెక్కల్లో ముడిసరుకు ధర తరచు సున్నాగా కనిపిస్తుంది. బజారు ఎరిగినవారు ముందుగా అనుమానించవలసింది ఆ సున్నానే.

ప్రపంచంలో ఆలివ్ నూనె అత్యధికంగా తీసే స్పెయిన్‌నే చూడవచ్చు. 1990 దశకం ఆరంభం నుంచి అక్కడి మిల్లులు నీటి వాడకం తక్కువగా ఉండే యంత్రాలకు మారాయి. వాగుల పాలయ్యే నల్లనీటి బెడద తగ్గింది గాని, కాయలోని నీరంతా పిప్పిలోకి చేరింది. నూరు కిలోల కాయకు నూనె 20 కిలోలు వస్తే, తడి పిప్పి 80 కిలోలు మిగులుతుంది. వేరుశనగ చెక్కలాగా బస్తాలకెత్తి పంపే సరుకు కాదిది. చెరువుల వంటి గుంటల్లో నిల్వ చేస్తారు.

నీరు 65 శాతం ఉన్న టన్ను పిప్పిని 10 శాతానికి ఎండబెడితే మిగిలేది 390 కిలోలు. తక్కిన 610 కిలోలూ ఆవిరి కావలసిందే. ఎండు పిప్పి ఇచ్చే వేడిలో సుమారు పావు వంతు దీనికే చెల్లు. వేడి వృథా అయ్యే డ్రయ్యర్లలో ఇంకా ఎక్కువ. కిరాయి అదనం.

ఎండిన పిప్పికి మొదటి గిరాకీదారు ఇంధనంవాడు కాడు, నూనెవాడే. ఇక్కడి తవుడు నూనె మాదిరిగానే ద్రావకంతో మిగులు నూనె పిండుతారు. శుద్ధి చేసి, కొంత అసలు ఆలివ్ నూనె కలిపాక అదే ‘పొమేస్’ పేరున భారతదేశపు దుకాణాలకూ వస్తున్నది. ఎండబెట్టడంలో వేడి మితిమీరితే ఏమవుతుందో 2001 జులైలో తెలిసింది. బెంజోపైరీన్ కనిపించిందని స్పెయిన్ ప్రభుత్వం ఈ నూనె అమ్మకాలను నిలిపివేసింది. నూనె పోగా మిగిలిన పొడి పిప్పి విద్యుత్ కేంద్రాలకు పోతుంది.

టెంకల సంగతి వేరు. పిప్పి నుంచి వేరుచేసిన టెంక ముక్కలు కిలోకు 4,000 కిలో క్యాలరీలకు పైగా వేడినిస్తాయి. మిల్లులు తమ బాయిలర్లకు ఉంచుకుని తక్కినది ఇళ్ళను వెచ్చబెట్టే బాయిలర్లకు తూచి అమ్ముతున్నాయి. ఒకనాటి చెత్తే. గిరాకీ తగలగానే ధర కట్టింది. తడి పిప్పిని మాత్రం మిల్లువారు ఎల్లకాలం ఊరకే తోలుతారని ఎవరు హామీ ఇస్తారు?

తడిగానే బయోగ్యాస్‌కు వాడవచ్చునన్న వాదన ఉంది. ఎండబెట్టే ఖర్చు తప్పే మాట నిజం. అయితే పిప్పిలోని ఫినాల్ పదార్థాలు గ్యాస్ పుట్టించే క్రిములను అణచివేస్తాయి గనుక పశువుల పేడ వంటివి కలపాలి. అదీ దగ్గరలో దొరకాలి.

అన్నింటికన్నా గడ్డు సమస్య పంట. 2021-22లో సుమారు 15 లక్షల టన్నుల నూనె తీసిన స్పెయిన్, అనావృష్టి వల్ల 2022-23లో దాదాపు 6.65 లక్షల టన్నులకు పడిపోయింది. కాయ లేకుంటే పిప్పీ లేదు. బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు. పిప్పిని మాత్రమే నమ్ముకున్న ప్లాంటుకన్నా, మిల్లు పక్కనే ఉండి, కొరత ఏట కొమ్మల కత్తిరింపులు కూడా కాల్చుకోగల బాయిలర్‌కే పెట్టుబడి పెట్టడం మేలు.