పాత కంప్యూటరు, కొత్త కాపురం

2004లో నాన్నగారు న్యూజెర్సీ వచ్చి మా దగ్గర ఆరు నెలలున్నారు. రోజూ భోజనాలయ్యాక ఆయన తన కథ చెబుతుంటే, అప్పటికే పాతబడ్డ ఒక తెలుగు ప్రోగ్రాంలో 42 పేజీలు టైపు చేశాను. ఇప్పుడాయన లేరు. మొన్న కొత్త కంప్యూటరు కొని, ఆ ప్రోగ్రాం ఫోల్డరు మొత్తం అందులోకి కాపీ చేశాను. ససేమిరా తెరుచుకోలేదు.

ప్రోగ్రాం అంటే ఒక్క ఫోల్డరు కాదండీ. ఇన్‌స్టాల్ చేసినప్పుడు కొన్ని ఫైళ్ళు విండోస్ ఫోల్డరులోకి, సెట్టింగులు రిజిస్ట్రీలోకి, అక్షరాలు ఫాంట్స్‌లోకి వెళ్ళి సర్దుకుంటాయి. బీరువా మోసుకొచ్చి తాళంచెవులు పాతింట్లో వదిలేసినట్టయింది నా పని. సరే, అటక మీది సీడీ తీసి పెడితే, అది 16 బిట్ల కాలం నాటిది. 64 బిట్ల విండోస్‌లో నడవనే నడవదు. ఇంజనీరునై ఉండి ఇది తెలుసుకోవడానికి రెండు రాత్రులు పట్టింది!

"మీకు కావలసింది ఆ ప్రోగ్రామా, మామయ్యగారి మాటలా?" అంది మా ఆవిడ.

అదృష్టవశాత్తూ పేజీలన్నీ ఆర్‌టీఎఫ్ ఫైళ్ళుగా దాచాను. పాత కంప్యూటరులోంచి ఫాంటు ఒక్కటి తెచ్చి వేస్తే, అంతవరకూ పిచ్చి ఇంగ్లీషులా కనబడినవన్నీ వర్డ్‌లో తెలుగై కూర్చున్నాయి. (పాతది ఎవరికైనా ఇచ్చేముందు మీరూ ఫాంట్లు తీసి పెట్టుకోండి.) ఇప్పుడు రోజూ కాసేపు వాటిని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేస్తున్నాను. 11 పేజీలయ్యాయి. నాన్నగారికింకా పెళ్ళి కాలేదు.