నోరు తెలుగులో, చేతులు దాని వెనక

బధిరుల చదువు గురించి మాట్లాడేవాళ్ళకి ఒక మాట భలే ఇష్టం: "మాటా ఉండాలి, సైగా ఉండాలి. రెండూ కలిపి చెప్పేస్తే గొడవే లేదు." వినడానికి పెద్దమనుషుల తీర్పులా ఉంటుంది. నా గొడవంతా దీనితోనే.

1880లో మిలాన్ సభ సైగల్ని బడుల్లోంచి తరిమేసింది. దాంతో పోలిస్తే 1960ల చివర్లో అమెరికాలో వచ్చిన 'టోటల్ కమ్యూనికేషన్' ఎంతో మేలు. పిల్లలకి ఏది అందితే అది వాడండి అన్నది దాని అసలు ఉద్దేశం. తరగతి గదిలోకి వచ్చేసరికి అది, టీచరు మాట్లాడుతూ చేతులు కూడా ఆడించడంగా మిగిలింది.

అందులో తప్పేంటి? "సీత రవికి పుస్తకం ఇచ్చిందా?" అనండి. ఎవరికి అన్నది తెలుగులో 'కి' చెబుతుంది. భారతీయ సంజ్ఞాభాషలో ఆ పని 'ఇవ్వడం' అనే సైగే చేస్తుంది: సీతకని పెట్టుకున్న చోటు నుంచి రవి చోటుకి చెయ్యి కదులుతుంది. ప్రశ్న అని కనుబొమలు చెబుతాయి. నోరు తెలుగు నడుపుతుంటే చేతులు దాని వెనక పరిగెత్తాలి. చోట్లు పోతాయి, కనుబొమలు పోతాయి. మిగిలేది సీత, రవి, పుస్తకం, ఇవ్వు. టీచరుకి తన వాక్యం పూర్తిగానే వినిపిస్తుంది, గొంతు తనదే కదా. పిల్లకి అందింది నాలుగు ముక్కలు. (మా ఉద్యోగాల్లో దీన్ని డేటా లాస్ అని బగ్ వేస్తారు.)

1989లో గాలడెట్ విశ్వవిద్యాలయం నుంచి జాన్సన్, లిడెల్, ఎర్టింగ్ ఇదే వాదించారు: ఇది రెండు భాషలు కాదు, మాటకి ఊతంగా తగిలించిన సైగలు. నమ్మకపోతే అలాంటి పాఠం ఒకటి వీడియో తీసి, సౌండ్ మ్యూట్ చేసి, చదువుకున్న బధిరులెవరికైనా చూపించండి.

మాట వద్దనడం లేదు. కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లలకి మాట నేర్పాల్సిందే, దాని టైములో, దాని పద్ధతిలో. లెక్కలు, కథలు, తగాదాలు మాత్రం పూర్తి సంజ్ఞాభాషలో నడవాలి, తెలుగు రాత దాని మీద నిలబడాలి. అమ్మ వంటింట్లో మాట్లాడుతూ సైగ చేస్తే ఎవరూ తప్పు పట్టరు. జీతం తీసుకునే బడికి ఆ మినహాయింపు ఎందుకు?

ఎందుకంటే చవక. నాలుగు సైగలొచ్చిన, వినబడే టీచరుతో సరిపెట్టేయొచ్చు. మాతృభాషలో చదువు కావాలని వ్యాసాల మీద వ్యాసాలు రాసే మనం కూడా ఇక్కడ నోరెత్తం. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞాభాషలో అర్హతున్న టీచర్లని, వైకల్యం ఉన్నవాళ్ళతో సహా, నియమించమంటోంది. మీ జిల్లా బధిరుల బడిలో బధిర టీచర్లెంతమందో ఒకసారి అడిగి చూడండి.