వర్తకమునకు కళ్లెము, వాక్కునకు గాదు

ఊరి చెరువునకు గట్టు వేయుట వేరు. ఊరివారి నోటికి తాళము వేయుట వేరు. ఈ భేదమును పాలకులు మరచుచున్నారు, వర్తకులు మరుగుపరచుచున్నారు. అంతర్జాలమున వ్యాపించు అబద్ధములనుండి ప్రజలను కాపాడుటకు తమకు మరింత అధికారము కావలెనని దొరతనమువారు పలుకుచున్నారు. తమ వ్యాపారము జోలికి వచ్చినచో వాక్స్వాతంత్ర్యమునకే భంగము కలుగునని కంపెనీలవారు మొరపెట్టుచున్నారు. ఇరువురును ప్రజల పేరే చెప్పుచున్నారు. మాకు ఇరువురి మాటలయందును నమ్మకము లేదు. ఏల లేదో చదువరులకు విన్నవించుట మా విధి.

మొదట వర్తకుల సంగతి. ఫేస్‌బుక్కు, యూట్యూబు మొదలైనవి ఉచితముగా లభించుచున్నవని మనవారు మురియుచున్నారు. సంతలో సరకును ఊరకే పంచువానిని చూచినప్పుడు, దాని వెల యెవరు చెల్లించుచున్నారని అడుగుట బుద్ధిమంతుల లక్షణము. ఈ వ్యాపారమునకు ప్రధానమైన రాబడి ప్రకటనలవలన వచ్చును. ప్రకటనలు వేయించువానికి అమ్మబడు సరకు మన దృష్టియే. మనము తెరను ఎంతసేపు చూచిన వారికంత లాభము. కోపము, భయము, పుకారు మనుష్యుని కన్నును పట్టి నిలిపినట్లు శాంతమైన సత్యము నిలుపజాలదు. ఏ వార్తను మనముందు పెట్టవలెనో నిర్ణయించు యంత్రము సత్యాసత్యముల విచారణకొరకు పుట్టినది కాదు. దానిని నడుపువారు స్వేచ్ఛాప్రదాతలమని చెప్పుకొనుట కల్లు దుకాణదారుడు దాహము తీర్చు పుణ్యాత్ముడనని చెప్పుకొనుటవంటిది.

ఈ ఔదార్యమెట్టిదో 2015లో మన దేశము చూచినది. బీదలకు ఉచితముగా ఇంటర్నెట్టు ఇచ్చెదమని ఫేస్‌బుక్కువారు ‘ఫ్రీ బేసిక్స్’ అను పథకమును ముందుకు తెచ్చిరి. అందు లభించునది అంతర్జాలమంతయు గాదు; వారి నిబంధనలకు లోబడి చేరిన కొన్ని సేవలు మాత్రమే. దానిపై విమర్శ రేగగా, ముందుగనే వ్రాసియుంచిన లేఖలను తమ వినియోగదారులచేత టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్‌కి పంపించిరి. ట్రాయ్‌వారు ఆ సందడికి లొంగక, చూడబడు విషయమునుబట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టరాదని 2016 ఫిబ్రవరి 8న శాసించిరి. ఆ శాసనమున ఒక్క పౌరుని ఒక్క మాటనైనను తొలగింపుమని లేదు. అది వర్తకుని తక్కెడను మాత్రమే సరిచేసినది. ఇట్టి నియమములను మేము మనసార స్వాగతింతుము.

కాని దొరతనమువారికి తక్కెడమీదకంటె నోటిమీదనే మక్కువ యెక్కువ. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, బాల్ ఠాక్రే మరణానంతరము బొంబాయి మూతపడుటనుగూర్చి ఒక యువతి ఫేస్‌బుక్కులో వ్రాసినది. మరొక యువతి దానిని మెచ్చినట్లు గుర్తు పెట్టినది. ఇద్దరిని పోలీసులు నిర్బంధించిరి. వారిపై మోపిన సెక్షన్లలో సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ ఒకటి. చిరాకు కలిగించు మాట కూడ దానిప్రకారము నేరము కావచ్చును. శిక్ష మూడేండ్లవరకు చెరసాల! సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షనును కొట్టివేసినది. అటుపిమ్మటను కొన్నిచోట్ల దానిక్రింద కేసులు నడచుచునే యుండెను. అట్టి విచారణలు సాగరాదని 2022 అక్టోబరులో న్యాయస్థానము మరల ఆజ్ఞాపింపవలసి వచ్చినది. చచ్చిన చట్టమే ఇంత పని చేయుచుండగా బ్రతికియున్న చట్టముల మాట చెప్పవలెనా?

2023లో కేంద్రప్రభుత్వము మరియొక యడుగు వేసినది. తన పనులనుగూర్చిన వార్తలలో ఏది అసత్యమో తానే నియమించిన సంఘము తేల్చునట్లు నియమావళిని సవరించినది. ముద్దాయియే న్యాయాధిపతి పీఠమెక్కుట మనమెరిగిన ఏ ధర్మశాస్త్రమునకు సమ్మతము? బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో ఆ సవరణను కొట్టివేసినది. అయినను మన నిశ్చింతకు తావు లేదు. అంతర్జాలములోని వ్రాతలను అడ్డగించుటకు 2009లో చేసిన నియమములందు పదునారవది ఫిర్యాదులను, వానిపై తీసికొన్న చర్యలను గోప్యముగా నుంచవలెనని చెప్పుచున్నది. వ్రాసినవాడు తన వ్రాత యేల మాయమైనదో తెలియకయే దండింపబడవచ్చునన్నమాట.

ఈ పోకడ మనకు క్రొత్త కాదు. లిట్టన్ ప్రభువు కాలమున 1878లో వచ్చిన దేశభాషాపత్రికల చట్టము మేజిస్ట్రేటు నిర్ణయముపై న్యాయస్థానమునకు పోవు దారి లేకుండ జేసినది. 1908లో బెజవాడనుండి వెలువడిన ‘స్వరాజ్య’ పత్రికలోని రచనకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెరసాలకేగిరి. నాటి పాలకులును ప్రజాశాంతికొరకే అనిరి.

అబద్ధములవలన జనులు ప్రాణములు కోల్పోవుచుండగా మీరు స్వేచ్ఛనుగూర్చి ఉపన్యసించుచున్నారేమని కొందరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు వాట్సాపులో పాకి, పెక్కు రాష్ట్రములలో నిరపరాధులను గుంపులు కొట్టిచంపినవి. ఆ సంవత్సరముననే మన దేశమున ఒక సందేశమును ఒక్కమారు ఐదు చోట్లకు మించి పంపకుండ వాట్సాపువారు కట్టడి చేసిరి. మాటను తుడిచివేయకయే దాని పరుగును తగ్గింపవచ్చునని దీనివలన తేలుచున్నది. గద్వాల ప్రాంతమున పోలీసులు ఊరూర తిరిగి, జానపదగాయకులచేత పాటలు పాడించి, పుకార్లను నమ్మవలదని బోధించిరి. లాఠీ చేయలేని పనిని పాట చేయగలదు. హత్యను, హత్యకు పురికొల్పుటను శిక్షించు చట్టములు మనకు ఎన్నడో కలవు.

కావున మేము కోరునది స్వల్పము. కంపెనీలు తమ యంత్రమెట్లు ఎన్నుకొనుచున్నదో, ఎవరి ప్రకటనకు ఎవరు సొమ్మిచ్చిరో బహిరంగముగా తెలుపునట్లు శాసింపుడు. ప్రభుత్వము ఏ వ్రాతనైన తొలగింపగోరినచో, కారణమును వ్రాతమూలకముగా తెలిపి, వ్రాసినవానికి నోటీసిచ్చి, న్యాయస్థానముముందు నిలిచి వాదింపవలెను. తన్నుగూర్చిన సత్యమును తానే నిర్ణయించు హక్కును ఎన్నటికిని కోరరాదు.

చదువరులారా! వర్తకునిపై కోపముతో పాలకునికి తాళపుచెవి నీయకుడు. పాలకునిపై భయముతో వర్తకుని పంచ జేరకుడు. మన నోరు మనది. దానిని కాపాడుకొనువారమును మనమే. రేపు ఒక వార్త మీ చేతికి వచ్చినప్పుడు, పదిమందికి పంపుటకుముందు ఒక్క నిమిషమాగి, ఇది నిజమా యని విచారింపుడు. ఆ నిమిషమును ఏ చట్టమును మనచేత నిర్బంధించి పాటింపజేయజాలదు.