"జాకెట్ ఏదయ్యా?" అని అడగడానికి మొహమాటమా!

కార్తీకంలో ఆదివారం వచ్చిందంటే బెజవాడలో సగం ఊరు కృష్ణ ఒడ్డునే ఉంటుంది. తెల్లారుజామున ఘాట్లలో స్నానాలు, దీపాలు. పదింటికల్లా పులిహోర గిన్నెలు, చాపలు, పిల్లల బ్యాటూ బంతీ సర్దుకుని భవానీ ద్వీపానికి బోటెక్కే కుటుంబాలు. ఉసిరి చెట్టు కింద వనభోజనం, సాయంత్రం మళ్ళీ బోటు. ఈమధ్య "క్యాంపింగు" అనే మాట కొత్తగా వినపడుతోంది గానీ, ఆ సరదా మనకి కొత్తదేం కాదు. డేరా వెయ్యం, రాత్రి పడుకోం. అంతే తేడా.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇదే సరదాని చక్రాల మీద పెట్టుకుని తిరుగుతారు. ఆర్వీ అంటారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, బాత్‌రూమ్ అన్నీ ఉన్న బస్సన్నమాట. నాలుగు రోజులు సెలవొస్తే రెండు కుటుంబాలు కలిసి ఒకటి అద్దెకి తీసుకుని, ఆవకాయ సీసాతో సహా బయల్దేరతాయి. అలా వెళ్ళేవాళ్ళకి బాగా ఇష్టమైన చోట్లలో లేక్ పావెల్ ఒకటి. యూటా, ఆరిజోనా రాష్ట్రాల సరిహద్దులో, ఎర్రరాతి కొండల ఎడారి మధ్య నీలంగా పరుచుకున్న నీళ్ళు. ఒడ్డున ఆర్వీలు నిలుపుకునే స్థలాలు, నీళ్ళ మీద ఇళ్ళలాంటి పడవలు. ఫోటోలు చూస్తే మనకీ వెళ్ళాలనిపిస్తుంది.

అయితే ఆ ఫోటోల్లో కనపడని సంగతి ఒకటుంది. అది దేవుడిచ్చిన సరస్సు కాదు. కొలరాడో నదికి అడ్డంగా గ్లెన్ కాన్యన్ డ్యామ్ కడితే వెనక నిలబడ్డ నీళ్ళవి. 1963లో నిండడం మొదలుపెడితే, పూర్తిగా నిండింది 1980లో. ఆ తరవాత ఏళ్ళ తరబడి కరువు వచ్చి 2023 నాటికి ఎంత దిగిపోయిందంటే, నిండిన తరవాత అంత తక్కువ మట్టం ఎన్నడూ లేదు. పడవలు దింపే ర్యాంపులు కొన్ని నీళ్ళకి అందకుండా ఎండలో మిగిలిపోయాయి. నీళ్ళు కదలకుండా ఉన్నాయి కదా అని అది చెరువైపోదు. అడ్డుకట్ట వెనక ఆగిన నది అది.

మన సంగతీ సరిగ్గా అంతే. భవానీ ద్వీపం చుట్టూ అద్దంలా కనపడే ఆ నీళ్ళు ప్రకాశం బ్యారేజి ఆపిన కృష్ణమ్మ. 1850లలో కాటన్ దొర హయాంలో కట్టిన పాత ఆనకట్టకి 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957లో పూర్తయింది ఈ బ్యారేజి. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. వెనక నిలిచేది సుమారు 3 టీఎంసీలు. ఎగువన పులిచింతల పట్టేది 45 టీఎంసీల పైమాటే. దాని పక్కన పెడితే మనది చిన్న గిన్నె. ఎగువ నుంచి వరదొస్తే పట్టి ఉంచేంత చోటు ఈ గిన్నెలో లేదు. వచ్చిందంతా గేట్లెత్తి కిందికి వదలాల్సిందే. గేటు లేస్తే చెరువు కాస్తా ఏరవుతుంది.

2024 సెప్టెంబరు మొదటి వారంలో అదే చూశాం. బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది వరద. ఎగువన కట్టి ఉంచిన పెద్ద పడవలు తాళ్ళు తెగి కొట్టుకొచ్చి గేట్లని గుద్దాయి. కాంక్రీటు కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ పడవల్ని అక్కణ్ణించి తియ్యడానికి ఇంజనీర్లు, గజ ఈతగాళ్ళు రోజుల తరబడి తంటాలు పడ్డారు. టన్నుల బరువున్న ఇనప పడవలకే ఆ గతి పడితే మనిషెంత?

సరే, వరదలో ఎవరూ షికారు వెళ్ళరు, బోట్లూ ఆపేస్తారు అంటారు. నిజమే. కానీ మనవాళ్ళని మింగినవి వరద రోజులు మాత్రమే కాదు.

2017 నవంబరు 12. కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం చూద్దామని జనం ఒక ప్రైవేటు బోటెక్కారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు. రేవుకి దగ్గరపడ్డాక బోటు తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. ఆ బోటుకి అనుమతి లేదని, ఎక్కించాల్సినవాళ్ళకంటే ఎక్కువమందిని ఎక్కించారని, లైఫ్ జాకెట్లు లేవని తరవాత బయటపడింది. ఒడ్డు కనపడుతూనే ఉంది. దీపాలు కనపడుతూనే ఉన్నాయి.

రెండేళ్ళు తిరక్కుండానే 2019 సెప్టెంబరు 15. అదీ ఆదివారమే. పాపికొండలకి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. ఎక్కినవాళ్ళు డెబ్బై మందికి పైనే. బయటపడ్డవాళ్ళు 26 మంది. లోతులో కూరుకుపోయిన ఆ బోటుని పైకి తీసేసరికి నెల దాటిపోయింది.

ఆ తరవాత ప్రభుత్వం కంట్రోల్ రూములు పెట్టింది. వాటిలో ఒకటి మన బెర్ము పార్కు దగ్గరే. వాతావరణం, నీటి ఉధృతి చూసి బోటు కదలాలా వద్దా తేల్చడం వాళ్ళ పని. మంచిదే. అయితే బోటెక్కే మనిషి మారాడా అన్నది నా ప్రశ్న.

ఒక్కసారి రేవులో నిలబడి చూడండి. జాకెట్లు ఇస్తారు. చీర నలుగుతుందని ఒకావిడ, చెమట వాసనని ఒకాయన ఒళ్ళో పెట్టుకుంటారు. కుర్రాళ్ళు ఫోటోకి వేసుకుని, ఫోటో అవగానే విప్పేస్తారు. "పది నిమిషాలేగా అండీ" అంటారు. ఇక జాకెట్లు చాలకపోతే? అడగరు. అడిగితే బోటతను ఏమనుకుంటాడో, పక్కవాళ్ళు పిరికివాడంటారేమోనని మొహమాటం. పెళ్ళిలో ఇంకో గారె వెయ్యమనడానికి మొహమాటపడినా కొంప మునగదు. ఇక్కడ అడక్కపోతే నిజంగానే మునుగుతుంది.

అమెరికా వాళ్ళు మనకంటే ధైర్యం తక్కువవాళ్ళేం కాదు. కానీ లేక్ పావెల్లో బోటు నడుస్తున్నంతసేపూ పైనున్న పిల్లలు, 13 ఏళ్ళు నిండనివాళ్ళు, జాకెట్ వేసుకు తీరాలి. పెద్దవాళ్ళలో మనిషికో జాకెట్ బోటులో ఉండి తీరాలి. ఇక్కడ బెజవాడలో అద్దె స్కూటర్‌కైనా హెల్మెట్ అడుగుతున్నాం కదా. ఇదీ అంతే.

జాకెట్ వేసుకోవడంలోనూ తెలుసుకోవాల్సింది ఉంది. బకిల్స్ అన్నీ పెట్టుకుని పట్టీలు బిగించాలి. బిగించకపోతే నీళ్ళలో పడగానే మనిషి కిందికి, జాకెట్ పైకి పోతాయి. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకి వేస్తే అందులోంచి జారిపోతారు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే అది వాళ్ళ సైజు కాదు. ఈతొచ్చు కదా అంటారేమో. చీరతోనో జీన్సుతోనో, పదిమంది ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని లాగుతుంటే ఈత ఎవరికీ పనికిరాదు. ఇంకోటి, అమ్మవారి కొండ కనపడిందని అందరూ ఒకే పక్కకి లేవకండి. రెండంతస్తుల బోటయితే మరీ జాగ్రత్త. బరువు పైకీ, పక్కకీ చేరితే బోటు ఒరగడానికి గాలివాన అక్కర్లేదు.

ఇక రాత్రి బస సంగతి. కేరళ 2021లోనే కారవాన్ల పథకం తెచ్చింది, వాగమన్‌లో పార్కు పెట్టింది. మనకీ ఆ గాలి తగులుతోంది. రానివ్వండి, సంతోషమే. రెండు మాటలు మాత్రం మరిచిపోకూడదు. ఒకటి, కుర్రాళ్ళు ఏటి మధ్య ఇసుక తిన్నె మీద డేరా వెయ్యాలని ముచ్చటపడతారు. ఎగువన వాన మన ఆకాశంలో కనపడదు. బ్యారేజి దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. లంక మీద పడుకున్నవాడికి హెచ్చరిక నంబరు దాకా అక్కర్లేదు, అంతకంటే చాలా ముందే తిన్నె మునుగుతుంది. వరద రోజుల్లో లంకల జోలికి పోకండి.

రెండోది, చక్రాల ఇంట్లో మరుగుదొడ్డి ఉంటే దాని ట్యాంకు ఎక్కడో ఖాళీ చెయ్యాలి. లేక్ పావెల్ ఒడ్డున డేరా వేసేవాళ్ళు దొడ్డి డబ్బా కూడా వెంట తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి మోసుకొచ్చి, పెట్టిన చోటే పారబొయ్యాలి. మన దగ్గర కారవాన్ కంటే ముందు అలాంటి ఏర్పాటు రావాలి. బెజవాడ తాగేది ఈ నీళ్ళే. 13 లక్షల ఎకరాల డెల్టాకి కాలవల్లో పారేదీ ఈ నీళ్ళే. వనభోజనాల విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు కూడా ఇదే లెక్క.

బోటు మనకి ఆదివారం సరదా. అదే కృష్ణలో కిందికి, సముద్రం దగ్గర దివిసీమలో ఎదురుమొండి జనానికి పంటు అంటే బస్సు. బడికీ, ఆస్పత్రికీ, బియ్యానికీ ఏరు దాటాలి. నీళ్ళతో రోజూ బతికేవాళ్ళు ఏటిని తక్కువగా చూడరు. వారానికొకసారి వచ్చే మనమే "ఏం కాదులే" అంటాం.

కాబట్టి ఈసారి రేవుకి వెళ్ళినప్పుడు కాలు లోపల పెట్టకముందే అడగండి. ఈ బోటుకి పర్మిషన్ ఉందా? ఎంతమందిని ఎక్కించాలి, ఎంతమంది ఎక్కారు? నా జాకెట్ ఏది? సరైన జవాబు రాకపోతే ఎక్కకండి. టిక్కెట్టు డబ్బులు పోతే పోనివ్వండి. పులిహోర ఒడ్డున కూర్చుని తిన్నా అదే రుచి.